ఈద్ సెలవులకి మూడు బళ్ళు

తొంభై ఆరు డిసెంబరులో మా బావ మూడు పాత మోటారుసైకిళ్ళు కొన్నాడు. సర్వే క్యాంప్ ఒకటి పని ముగించుకుని సామాన్లు అమ్మేస్తుంటే, అక్కడి కంటైనర్లు ఎత్తడానికి క్రేన్ తీసుకుని వెళ్ళినవాడు సాయంత్రానికి బళ్ళతో తిరిగొచ్చాడు. ఎడారిలో తిరగడానికే చేసిన జపాను బళ్ళు. ఎత్తుగా, సన్నగా, ముళ్ళముళ్ళ టైర్లతో ఉన్నాయి. మూడింట్లో ఒక్కటే స్టార్టయింది.

"మిగతా రెండూ నీ చేతిలో పెడుతున్నాను డేనియల్. ఈద్ నాటికి మూడూ లేవాలి," అన్నాడు.

నేను ఖతార్ దేశంలో అల్ ఖోర్ అనే ఊళ్ళో కంపెనీ గ్యారేజీలో మెకానిక్‌ని. బావ జడ్సన్ అదే కంపెనీలో పెద్ద క్రేన్ నడిపేవాడు. మా అక్క సుకుమారి, ఏడేళ్ళ కూతురు జెరూషా తనతోనే ఫ్యామిలీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళు. నేనేమో బ్యాచిలర్ క్యాంప్‌లో ఉండి, రోజూ అన్నానికి అక్కయ్య ఇంట్లో తేలేవాణ్ణి. నరసాపురంలో సైకిలు షాపు ముందు కూర్చుని కాలం గడుపుతున్న నన్ను ఇక్కడికి తెచ్చింది బావే. వీసా కాగితం దగ్గర్నుంచి మొదటి రోజు డ్యూటీకి వేసుకున్న బూట్ల దాకా అన్నీ తనే చూశాడు.

మూడో బండి సురేందర్‌ది. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు, సైట్లకి నీళ్ళ ట్యాంకర్ తోలేవాడు. మ్యాపులో లేని దార్లు కూడా వాడికి తెలుసని బావ వాణ్ణి కలుపుకున్నాడు.

ఒక శుక్రవారం ప్రార్థన కూడిక అయ్యాక, అక్కయ్య భోజనాల బల్ల మీద గిన్నెలు పక్కకి జరిపి బావ మ్యాపు పరిచాడు. సర్వేవాళ్ళ దగ్గర జిరాక్సు తీయించుకున్న మ్యాపది, నాలుగు ముక్కలు అతికించి ఉంది. ఎర్ర పెన్సిలుతో గీత గీస్తూ చెప్పాడు. నాలుగు రోజులు. మొదటి రోజు ఉత్తరం చుట్టి జుబారా పాత కోట దగ్గర మకాం. రెండో రోజు పడమటి తీరం వెంట దుఖాన్. మూడో రోజు దక్షిణంగా రాతినేల దాటి, ఇసుక కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చే చోటికి. నాలుగో రోజు తూర్పు తీరం మీదుగా ఇంటికి.

"రోడ్డెక్కేది పెట్రోలు కోసమే," అన్నాడు బావ.

సురేందర్ మ్యాపు మీదికి వంగి, వేలితో ఒకచోట కొట్టి చూపించాడు. "ఈడ జర పైలం అన్నా. ఇది సబ్ఖా. మీద ఎండినట్టే కనవడ్తది, కిందంత ఉప్పు బురద. వాన వడ్డంక నా ట్యాంకర్ ఇరుసు దాక దిగవడ్డది ఈడనే."

"అయితే చుట్టు తిరిగి వెళ్దాం."

"మూడో దినం పెట్రోలు దొర్కది. ఒక్కొక్క బండికి రెండు డబ్బాలు కట్టాలె. నీళ్ళు మనిషికి దినానికి ఐదు లీటర్లు."

అక్కయ్య గిన్నెలు తీస్తూ వింటోంది. "నాలుగు రోజులు ఇసుక తినడానికి ఇంత ఏర్పాటా?" అంది. కానీ మర్నాడే గుడారం గుడ్డ ముక్కలు తెప్పించుకుని, బళ్ళకి రెండు వైపులా వేలాడేసే సంచులు కుట్టడం మొదలుపెట్టింది. బావ మొహంలో ఆ వెలుగు చూసి చాలా రోజులైందని తరవాత నాతో అంది. అప్పుడు ఆ మాట నేను పట్టించుకోలేదు.

బావ ఒక నియమం పెట్టాడు. ముందువాడు మాటిమాటికీ వెనక్కి చూడాలి. వెనకవాడు కనపడకపోతే అక్కడే ఆగిపోవాలి. "ఒకడు ఆగితే ముగ్గురూ ఆగినట్టే. ఇందులో పౌరుషాలకి పోకూడదు," అన్నాడు.

జనవరి మొదటి శుక్రవారానికి మూడు బళ్ళూ లేచాయి. మధ్యాహ్నం పరీక్షకని తీసుకెళ్ళాం. అల్ ఖోర్ దాటి పడమటికి వెళితే గట్టి నేల, గులకరాళ్ళు, అక్కడక్కడా ముళ్ళ పొదలు. పాత జీపుల చక్రాల దారి ఒకటుంది. ముందు బావ, మధ్యలో నేను, చివర సురేందర్. చలిగాలి మొహానికి కొడుతోంది. రాజ్‌దూత్ తప్ప వేరే బండి ఎక్కని నాకు, కింద నేల అలా జారుతుంటే భయమూ, దాంతోపాటే సంతోషమూ.

ఒకచోట దారి పొదల్ని చుట్టి ఎడమకి తిరుగుతుంది. బావ తిరగలేదు. నేరుగా వెళ్ళిపోయాడు. ఏదో చూసి వెళ్ళాడేమో అనుకున్నాను. వేగం తగ్గలేదు, పెరగలేదు. కొంచెం దూరం అలాగే వెళ్ళి, మెత్తటి ఇసుక గుంటలోకి దిగి, బండి ఒక వైపు, తను ఒక వైపు పడిపోయారు.

మేం వెళ్ళేసరికి లేచి కూర్చున్నాడు. హెల్మెట్ తీసి కళ్ళు నలుపుకుంటున్నాడు. "ఇసుక. ముందు చక్రం లాగేసింది," అన్నాడు.

దెబ్బలేం లేవు. సురేందర్ బండి లేపి హ్యాండిల్ సరిచేస్తుంటే నేను వెనక్కి నడిచి చక్రం జాడ చూశాను. జాడ చదవడం నా వృత్తిలో భాగం, గుద్దుకున్న కంపెనీ బళ్ళన్నీ మొదట నా దగ్గరికే వస్తాయి. మలుపు దగ్గర్నుంచి గుంట దాకా అది గీసిన గీతలా తిన్నగా ఉంది. బ్రేకు నొక్కిన గుర్తు ఎక్కడా లేదు. ఇసుకలో చక్రం లాగితే మనిషి పెనుగులాడతాడు, జాడ పాములా మెలికలు తిరుగుతుంది. ఇక్కడ ఎవరూ పెనుగులాడలేదు.

ఇంటికొచ్చాక బావ మాట్లాడుతూనే ఉన్నాడు. టైర్లలో గాలి ఇంకా తగ్గించాలి, క్లచ్ కేబుల్ పక్కనే ఇంకో కేబుల్ కట్టి ఉంచాలి, తెగితే అక్కడికక్కడే మార్చుకోవచ్చు. నేను ఊఁ కొట్టాను.

తరవాతి వారం రంజాన్ మొదలైంది. డ్యూటీ ఒంటిగంటకే అయిపోయేది. మధ్యాహ్నాలన్నీ క్వార్టర్స్ వెనక రేకుల షెడ్డులో బళ్ళ దగ్గరే. నాలుగో రోజో ఐదో రోజో, బావ బండి చైను మారుస్తున్నాను. తను చైను కొస పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"కొంచెం లాగి పట్టుకో," అన్నాను.

లాగలేదు. తలెత్తి చూశాను. బావ నా భుజం మీదుగా రేకు గోడని చూస్తున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదాలు ఏదో నములుతున్నట్టు కదులుతున్నాయి. చైను చేతిలోంచి జారిపోయింది, ఆ వేళ్ళు చొక్కా గుండీని పట్టుకుని తిప్పుతున్నాయి, తిప్పుతున్నాయి. పిలిచాను. మళ్ళీ పిలిచాను. అర నిమిషం ఉంటుందేమో. నాకు మాత్రం బయట పిల్లలు ఆడుకుంటున్న చప్పుడంతా ఆగిపోయినట్టుంది.

"ఏమన్నావు?" అన్నాడు బావ, మామూలు గొంతుతో. కింద పడ్డ చైను చూసి, తరవాత నా మొహం చూశాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

లేచి షెడ్డు తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు. మొన్న ఆగస్టు నుంచి. ఇప్పటికి ఆరుసార్లు, తనకి తెలిసినవి. ఒకసారి స్నానాల గదిలో, ఒకసారి బస్సులో. మిగతావి పక్కవాళ్ళు 'ఏంటి, వినబడట్లేదా' అని అడిగితే తెలిసినవి.

"డాక్టరుకి చూపించావా?"

"ఇక్కడ చూపిస్తే ఫైల్లోకి ఎక్కుతుంది. ఫైల్లోకి ఎక్కితే క్రేన్ ఉండదు. క్రేన్ లేకపోతే ఈ ఇల్లు ఉండదు." చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ చెప్పాడు. "వేసవిలో ఊరెళ్ళినప్పుడు చూపించుకుంటాను."

"మరి ఈ ప్రయాణం?"

"ఇది కావాలి నాకు. నాలుగు రోజులు ఆ నేల మీద తోలి ఏమీ కాకుండా తిరిగొచ్చాననుకో, నాకేం లేదని నేను నమ్ముతాను. నమ్మితే తగ్గిపోతుంది. సగం భయమే డేనియల్ ఇది."

బావ నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఇవ్వడమే తప్ప. ఆ రోజు అడిగాడు. "మీ అక్కకి చెప్పనని మాటివ్వు."

ఇచ్చాను. ఈ చేత్తోనే తన చేతిలో చెయ్యి వేసి ఇచ్చాను.

ఆ తరవాత మూడు వారాలు నేను ఏర్పాట్లు చేస్తూనే ప్రయాణం చెడగొట్టడానికి చూశాను. బావ బండి ఇంజన్లో చప్పుడు వస్తోందన్నాను. గాలి వడపోసే స్పాంజి చిరిగింది, కొత్తది దోహాలో దొరకలేదన్నాను. ఈద్‌కి వానలు పడతాయట, మార్చిలో వెళ్దామన్నాను. బావ ఓపిగ్గా ఇంజను తానే విని, స్పాంజి తానే అల్ రయ్యాన్‌లో వెతికి తెచ్చి, ఒకరోజు నా పక్కన కూర్చుని మెల్లిగా అన్నాడు. "బండికి లేని జబ్బులు పెడుతున్నావు."

"ఉన్న జబ్బు చెప్పనివ్వడం లేదుగా నువ్వు."

తరవాత తను పానా అందుకున్నాడు. నేను బోల్టు పట్టుకున్నాను.

వరస మార్చాలని పట్టుబట్టాను. ముందు సురేందర్, మధ్యలో బావ, వెనకాల నేను. ఎందుకని సురేందర్ అడిగితే దారి తెలిసినవాడు ముందుండాలన్నాను. చిన్న డైరీలో ఏ రోజు ఎక్కడినుంచి ఎక్కడికి ఎన్ని కిలోమీటర్లో రాసుకుని, ఒక్కో చోటి నుంచి దగ్గర్లో ఉన్న ఆస్పత్రి ఎంత దూరమో పక్కన రాసుకున్నాను. మూడో రోజు ఎదురుగా రాయడానికి ఏమీ లేదు.

అక్కయ్య దగ్గరికి వెళ్ళాలంటేనే భయంగా ఉండేది. మిషను ముందు కూర్చుని, సంచుల మూతలకి తోలు పట్టీలు కుడుతూ ఏదో ఒకటి అడిగేది. ఒక సాయంత్రం దారం కొరికి తెంపుతూ అంది. "మీ బావ ఈమధ్య నిద్రలో నాలుక కొరుక్కుంటున్నారు రా. పొద్దున దిండు మీద రక్తం. పంటి డాక్టరుకి చూపించుకోమంటే వినరు. నువ్వైనా చెప్పు."

"చెప్తానులే," అన్నాను.

"నీ మాట వింటారు."

జెరూషా కొత్త సంచిలోకి తల దూర్చి కూర్చుని ఉంది. దాన్ని బయటికి లాగే వంకతో అక్కడినుంచి లేచాను.

ఈద్ ఇంకా నాలుగు రోజులుందనగా సురేందర్, నేను నీళ్ళ డబ్బాలు కడగడానికి వాడి ట్యాంకర్ దగ్గరికి వెళ్ళాం. మధ్యాహ్నం మూడు గంటలు. డబ్బాల్లో నీళ్ళు పోసి కుదిపి పారబోస్తూ, వాడు ఊళ్ళో గౌరవ్వకి ఉత్తరం రాశానన్నాడు. గౌరవ్వ వాడి తల్లి. "దుబాయ్‌ల ఎడారి మొత్తం సూసొస్త అని రాసిన. ఆమెకు ఖతార్ అంటే తెల్వది," అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఉండబట్టలేకపోయాను. ఎడారిలో మాతో వచ్చేవాడికి తెలియకుండా ఎలా? మాటిచ్చింది అక్కయ్యకి చెప్పననే, వాడికి చెప్పనని కాదు అని నాకు నేనే సర్దిచెప్పుకుని, మొత్తం చెప్పేశాను.

సురేందర్ డబ్బా కింద పెట్టాడు. "ఎన్ని దినాలసంది ఎర్క నీకు?"

"మూడు వారాలు."

"మరి దినాం డ్యూటీకి పోతుండు గదా."

"వెళ్తున్నాడు."

"అన్నా, ఎడారిల బండి మీదికెల్లి పడితే దెబ్బ ఆయనకు తాకుతది. నువ్వు నేను ఎత్తుకొస్తం. క్రేన్ల కూసున్నప్పుడు వస్తే?" వాడి గొంతు పెరగలేదు. "కింద మా ముత్యం ఉంటడు."

ముత్యం వాడి పెద్దమ్మ కొడుకు. నలభై దాటినవాడు, రిగ్గర్. బరువుకి బెల్టులు బిగించి, అది గాల్లో ఉండగా కింద తాడు పట్టుకుని తిప్పేవాడు. బావ క్రేన్ కిందే పనిచేసేవాడు.

నేను ఆ సంగతి ఆలోచించలేదని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఆలోచన వచ్చిన ప్రతిసారీ దాన్ని పక్కకి తోసి, ఇసుక కొండల గురించీ ఆస్పత్రి దూరం గురించీ ఆలోచించాను. అది నాకు తేలిక.

"ఎల్లుండి పొద్దుగాల పెద్ద లిఫ్ట్ ఉన్నదట. పండుగ లోపల ఆ ట్యాంకు కూసోవెట్టాలని మీదికెల్లి ఒత్తిడి జేస్తున్నరట, ముత్యం చెప్పిండు," అన్నాడు సురేందర్. "నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నేను చెప్తాను."

"ఎల్లుండి దాక చూస్త."

మర్నాడు సాయంత్రం మాట్లాడదామని క్వార్టర్స్‌కి వెళ్ళాను. మసీదు దగ్గర ఉపవాసం విడిచే ఫిరంగి అప్పుడే పేలింది. ఇంట్లో పండగ వాతావరణం. ఆరు సంచులూ నేల మీద వరసగా పెట్టి, బావ ఒక్కోదాన్లో సామాన్లు సర్దుతున్నాడు. ట్యూబులు, పంపు, దుప్పట్లు, గోధుమపిండి, పచ్చడి సీసా. జెరూషా ఒక్కో వస్తువు పేరు చదువుతుంటే తను టిక్కు పెట్టుకుంటున్నాడు. అక్కయ్య నాకు పళ్ళెం పెట్టింది. తిన్నాను. నోరు తెరవడానికి మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ బావ నా వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఏమీ లేదు, నేను మాట తప్పనన్న నమ్మకం తప్ప. చెప్పకుండానే వచ్చేశాను.

లిఫ్ట్ ఉన్న రోజు పొద్దున గ్యారేజీ పికప్ తీసుకుని, ఎవరికీ చెప్పకుండా సైటుకి వెళ్ళాను. తొమ్మిదిన్నర. ట్యాంకు నేల మీద పడుకోబెట్టి ఉంది, రెండు బస్సులంత పొడుగు. బెల్టులు అప్పటికే బిగించేశారు. పది మంది అటూ ఇటూ నిలబడ్డారు. ముత్యం తలకి గుడ్డ చుట్టుకుని, దాని మీద హెల్మెట్ పెట్టుకుని, తాడు చేతికి ఒక చుట్టు వేసుకుని ఉన్నాడు. నన్ను చూసి పలకరింపుగా గడ్డం ఎత్తాడు. సురేందర్ ట్యాంకర్ గేటు దగ్గర ఆగి ఉంది. వాడు దిగలేదు.

ఈల వినపడింది. క్రేన్ గొంతు మారింది. బెల్టులు బిగుసుకుని, ట్యాంకు నేల నుంచి జానెడు లేచి ఆగింది. ముందు జానెడు ఎత్తి బరువు చూసుకోవడం బావ అలవాటు.

నేను వెనకనుంచి వెళ్ళి క్రేన్ మెట్లెక్కాను. క్యాబిన్ తలుపు తీశాను.

బావ వెనక్కి తిరగలేదు. అద్దంలోంచి కిందికే చూస్తున్నాడు, రెండు చేతులూ రెండు లివర్ల మీద. "ఇక్కడికెందుకొచ్చావు? వెళ్ళు," అన్నాడు.

"బావా, దిగు."

"పని మధ్యలో ఉన్నాను."

"కింద ముత్యం ఉన్నాడు."

"రోజూ ఉంటాడు."

"అందుకే."

తన మెడ మీద చెమట కనపడుతోంది నాకు, ఆ చలిలో. కింద ముత్యం తాడు పట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి పైకి చూస్తున్నాడు. ఎందుకు ఆగిందా అని. బావ అతన్నే చూస్తున్నాడు. ఎంతసేపో చెప్పలేను. ఒక దశలో బావ చూపు అలాగే నిలబడిపోయేసరికి, మళ్ళీ వచ్చిందేమో అనుకున్నాను. చెయ్యి వేయబోయాను.

"ముట్టుకోకు. తెలివిలోనే ఉన్నాను," అన్నాడు.

చాలా మెల్లిగా, గుడ్డు కింద పెట్టినట్టు, ట్యాంకుని నేల మీదికి దించాడు. బెల్టులు వదులయ్యాయి. ఇంజన్ ఆపేశాడు. రేడియో అందుకుని, ఒంట్లో బాగాలేదు, ఇంకొకర్ని పిలవండన్నాడు.

కిందినుంచి ఫోర్‌మన్ గొంతు. "జడ్సన్, యల్లా, పది నిమిషాల పని. తరవాత వెళ్ళి పడుకో."

"మాఫీ," అన్నాడు బావ. ఇంక లేదని. రేడియో దాని కొక్కేనికి తగిలించి, నన్ను తోసుకోకుండా పక్కనుంచి జరిగి మెట్లు దిగాడు. కంపెనీ క్లినిక్ అక్కడికి అర కిలోమీటరు. పికప్‌లో ఎక్కమంటే ఎక్కలేదు. నడిచి వెళ్ళాడు. నేను బండి వెనకాలే నెమ్మదిగా పోనిచ్చాను.

అక్కయ్యకి బావే చెప్పుకున్నాడు. నేను సాయంత్రం వెళ్ళేసరికి ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది, ఏమీ కుట్టకుండా.

"నీకెప్పట్నించి తెలుసు?"

"రంజాన్ మొదట్నించీ."

"నాలుక సంగతి నేను చెప్పినప్పుడు?"

"తెలుసు."

"మూడు వారాలు నా చేత సంచులు కుట్టించావు," అంది. అరవలేదు. "ఆయన్ని ఎడారికి పంపడానికి నా చేత సంచులు కుట్టించావు."

మాటిచ్చానని చెప్పబోయాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత రెండు నెలల పాటు నాతో మాట్లాడలేదు. పళ్ళెం పెట్టేది. కూర వేసేది. మాట మాత్రం లేదు.

ఈద్ రోజున మేం ఎక్కడికీ బయల్దేరలేదు. సురేందర్, ముత్యం సేమ్యా పాయసం తెచ్చారు. ముత్యం బావ ఎదురుగా కుర్చీ చివర కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు బావ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని కాసేపు వదల్లేదు. బావే ముందు చెయ్యి లాక్కున్నాడు.

మర్నాడు ఇద్దరం షెడ్డులో బళ్ళ మీదనుంచి సంచులు విప్పాం. పట్టీలు గట్టిగా కుట్టింది అక్కయ్య, ఊడదీయడానికి చాలా సేపు పట్టింది.

"ఇవాళ దుఖాన్‌లో ఉండేవాళ్ళం," అన్నాడు బావ.

"ఊఁ."

"ఏమీ అయ్యేది కాదేమో."

"కాదేమో."

"ఆ లిఫ్ట్ కూడా. పది నిమిషాల పనే కదా."

నేను తరవాతి పట్టీ అందుకున్నాను.

దోహా ఆస్పత్రిలో తలకి ఫోటోలు తీసి, ఇదో రకం మూర్ఛ అన్నారు. మందులు రాశారు. కంపెనీ బావని పంపెయ్యలేదు, అంత వరకు నయం. టూల్ స్టోరులో కూర్చోబెట్టారు. కానీ ఆ గ్రేడుకి ఫ్యామిలీ క్వార్టర్స్ లేవు. జెరూషా పరీక్షలు అయ్యేదాకా గడువిచ్చారు. బళ్ళు మూడూ అల్ రయ్యాన్‌లో ఎవరో ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళు కొనుక్కున్నారు. వాళ్ళు వచ్చి తీసుకెళ్తుంటే బావ ఒక్కోదాన్నీ ఎలా కిక్కు కొట్టాలో దగ్గరుండి చూపించాడు.

ఏప్రిల్లో అక్కయ్య, జెరూషా వెళ్ళిపోయారు. సురేందర్ తోలుతుంటే కంపెనీ పికప్‌లో దోహా ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళాం. సామాను బరువు తూయించి, బావ కాగితాల దగ్గర వరసలో నిలబడ్డాడు. జెరూషా తండ్రి చొక్కా పట్టుకుని ఉంది. అక్కయ్య నా దగ్గరికి వచ్చింది. హ్యాండ్‌బ్యాగులోంచి మందుల కవరు తీసి నా చేతిలో పెట్టింది.

"పొద్దున ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి. తెల్లవి," అంది. రెండు నెలల తరవాత నాతో అన్న మొదటి మాట. "వేసుకున్నానంటారు. నమ్మకు. నువ్వు చూడు. మానేస్తే నాకు ఫోన్ చెయ్యి. ఆయనతో చెప్పి చెయ్యి, చెప్పకుండా చెయ్యి, నాకు మాత్రం తెలియాలి."

"అలాగే అక్కా."

"ఇంక ఎవరికీ మాటివ్వకు," అని, కూతురి చెయ్యి అందుకోవడానికి వెళ్ళిపోయింది.

బావకి క్యాంప్‌లో నా గదిలోనే మంచం దొరికింది. తిరిగొచ్చాక బట్టలు బీరువాలో సర్దుకున్నాడు, సర్దుతున్నంతసేపూ నా వైపు చూడలేదు. మెస్సులో ఇద్దరం అన్నం తిన్నాం. గదికొచ్చాక కవరులోంచి తెల్ల మాత్ర తీసి, నీళ్ళ గ్లాసుతో సహా తన ముందు పెట్టాను.

మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టి మంచం మీద వాలబోయాడు.

"నోరు తెరు బావా," అన్నాను.

తల తిప్పి నన్ను చూశాడు. నా చేత మొదటి బూట్లు తొడిగించిన మనిషి. అంత పెద్ద ట్యాంకుని జానెడు దగ్గర ఆపగలిగిన మనిషి. నేను లైటు కింద అలాగే నిలబడ్డాను. కదల్లేదు.

కొంతసేపటికి నోరు తెరిచాడు. నాలుక పైకెత్తి చూపించాడు.